దూలం నెత్తి

లూదియా చిటికెడు మన్ను తీసి నాలుక కొస మీద వేసుకుంది.

వంక గట్టు పొడుగునా తెల్లగా పొంగి ఉన్నదంతా చవుడే అనుకుంటారు తెలియనివాళ్ళు. ఉప్పదనం తగిలీ తగలగానే పోతే అది పైపొర మన్ను. రెండు గాలులకు లేచిపోతుంది. నిదానంగా తగిలి, ఉమ్మేసినాక కూడా గొంతులో కూర్చుని ఉంటే అది మిద్దె మన్ను. ఒక్క వాన పడితే చాలు, వెన్నలా మెత్తబడి సందులన్నీ తనే వెతుక్కుని పూడ్చుకుంటుంది. లూదియా ఉమ్మేసి, నాలుగడుగులు పక్కకు జరిగి ఇంకో చిటికెడు తీసుకుంది. ఈసారి తల ఊపి, పారతో నేల మీద గుండ్రంగా గీత గీసింది.

"మన్ను తినాల్సింది నేను గదక్కా!" అంది కొండమ్మ, జల్లెడ ఒళ్ళో పెట్టుకుని. పక్కింటి కోడలు ఆమె. ఐదో నెల. తవ్వడం లూదియా, జల్లించడం కొండమ్మ అని ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకుని వచ్చారు.

"ఇంగో మాట మాట్లాడితివంటే ఈ గంపెడూ నీ నోట్లోనే పోస్తా," అంది లూదియా.

పెద్దవంకపల్లె క్రైస్తవుల గుడికి ఏడు అంకణాలు. రాతిగోడల మీద వేపదూలాలు, వాటికి అడ్డంగా సన్నటి దంతెలు, ఆపైన కానుగాకు, మట్టి, చవుడు. దూలానికీ దూలానికీ నడుమ ఒక్కో అంకణం ఒక్కో ఇంటిది. మృగశిర కార్తె రాకముందే ఎవరి అంకణం మీద వాళ్ళు కొత్త చవుడు వేయాలి. ఆ ఇంటి మనిషే సంఘం పంచాయితీలో బెంచీ మీద కూర్చుంటాడు. అంకణం లేని ఇంటివాళ్ళు కూడా ఆరాధనకు వస్తారు, పాటలు పాడతారు, పెండ్లిండ్లు చేసుకుంటారు. కానీ పంచాయితీలో నోరెత్తరు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రాసినవాటికన్నా గట్టిగా అందరికీ గుర్తుంది.

లూదియా ఇంటిది ఏడోది, తూర్పు కొసది. దాని కిందే రొట్టె, ద్రాక్షరసం పెట్టి సంస్కారం జరిపే పరిశుద్ధ బల్ల ఉంటుంది. అందుకని దాన్ని బల్ల అంకణం అంటారు. మొగుడు పోయాక ఈ రెండేళ్ళూ ఆమె మరిది వచ్చి చవుడు వేసి పోయాడు. ఇప్పుడతను నంద్యాల పత్తి మిల్లులో కుదిరాడు. సెలవియ్యరని కబురు చేశాడు.

పదో గంప నిండుతుండగా ఉపదేశి జ్ఞానప్రకాశం గట్టు దిగి వచ్చాడు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో చెప్పులు. పల్లెలో బడి చెప్పేదీ ఆయనే, పాదిరి అయ్యగారు రాని ఆదివారాలు ప్రార్థన జరిపించేదీ ఆయనే. చెప్పవలసిన మాట నోట్లో పెట్టుకుని ఆయన కాసేపు చవుడును మెచ్చుకున్నాడు, కాసేపు ఎండను తిట్టాడు.

"చెప్పయ్యా, మన్నును చూసేదానికి నువ్వింత దూరం రావు," అంది లూదియా.

"ఆదివారం ఆళ్ళగడ్డ నుంచి అయ్యగారు వస్తాండారమ్మా. సంస్కారం అయినాక పంచాయితీ. నీ అంకణం మాట ఎత్తుతారంట."

"నా అంకణానికి ఏమొచ్చె?"

"మొగదిక్కు లేని ఇంటికి అంకణం ఎట్ల జరుగుతాదని. పౌలు పెద్దాయన రెండో కొడుకు యేసురత్నం ఏరుపడి నాలుగేండ్లాయె గదా. ఆ పిల్లోనికి అంకణం లే. అందుకని..."

కొండమ్మ జల్లెడ ఆపేసింది. "ఎత్తేది మేము, మోసేది మేము. నిచ్చెన కాడికొచ్చేసరికి మొగదిక్కు గావల్లనా?"

"నేనేం చేసేదమ్మీ? ఆడోళ్ళు గుడి నెత్తినెక్కరు. అందులోనా అది బల్ల అంకణం." ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ముందుగా నీ చెవిన ఏసిపోదామని వచ్చినా."

లూదియా పార కింద పెట్టలేదు. "మంచిపని చేస్తివయ్యా. అందరి ముందర ఇనేదానికన్నా ఈడ ఇనడం మేలు," అంది.

ఆయన గట్టెక్కి కనుమరుగయ్యేదాకా చూసి, మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ముప్పై గంపలు. పంచాయితీ ఏమన్నా కానీ, చవుడైతే కావలసిందే.

పొద్దు వాలేటప్పటికి పౌలు పెద్దాయనే ఆమె ఇంటికి వచ్చాడు. వాడలో పెద్ద తలకాయ ఆయన, పంచాయితీకి పెద్ద. లూదియా మామకు తమ్ముడి వరస. కబురు పెడితే ఆమే పోయేది. అలా పెట్టకుండా తనే నడిచి వచ్చినందుకు ఆమెకు కోపం సగం దిగిపోయింది. అరుగు తుడిచి చాప వేసి, చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

ఆయన తాగి, మీసాలు తుడుచుకుని, గోడకు ఆనించి ఉన్న గంపలు లెక్కపెడుతున్నట్టు చూశాడు.

"మంచి చవుడే," అన్నాడు.

"చింతమడుగు కాడిది మామా."

"నీ మీద కోపంతో గాదమ్మీ. నీ బరువు తగ్గిస్తామని. నువ్వొక్కదానివి కూలికి పోతావు, బిడ్డను నంద్యాల హాస్టల్లో పెట్టి చదివిస్తాండావు. ఈ మిద్దె పీకులాట నీకెందుకు?"

"బరువని నేనంటినా?"

"అనవు. నీ నోట్లోంచి మాట ఎప్పుడొచ్చింది గనక." ఆయన గొంతు తగ్గించాడు. "యేసురత్నం బుద్ధిమంతుడు. పంచాయితీ నాడు తలుపు అవతల నిలబడుకోని ఇంటాడు. ముప్పయ్యేండ్ల మొగోడు. చూడలేకుండా ఉండా."

అది నిజమే. లూదియా కూడా చూసింది. గుమ్మం అవతల చెప్పుల దగ్గర నిలబడి, మెడ లోపలికి పెట్టి వింటాడతను. ఎవరైనా బయటికి వస్తుంటే దారి వదులుతాడు. ఆమెకు అంతవరకూ అతని మీద జాలి ఉండేది. ఇప్పుడా జాలిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మామా, నా ఇంటి మిద్దె మీద నేనే ఎక్కి చవుడేసుకుంటి. నువ్వే ఆ పొద్దు దావన పోతా, బాగేసినావంటివి."

"ఇల్లు ఏరు, గుడి ఏరు. బల్ల నెత్తిన ఆడమనిషి కాలు పెట్టడం మన నాయన్ల కాలం నుంచీ లేదు."

"రేపు నా బిడ్డ పరంజ్యోతి సెలవులకు వచ్చి, మన అంకణం ఏదిమ్మా అంటే ఏమని చెప్పేది?"

పౌలు లేచాడు. చెంబు తనే తీసుకెళ్ళి తొట్టి దగ్గర బోర్లించాడు.

శనివారం తెల్లవారగానే లూదియా ఆళ్ళగడ్డకు నడిచింది. ఆరు మైళ్ళు. కొండమ్మ కూడా వస్తానంటే వద్దంది. దారిలో నల్లరేగడి చేలు బెత్తెడు బెత్తెడు నెర్రెలిచ్చి వానకు నోరు తెరుచుకుని ఉన్నాయి. మిషన్ కాంపౌండులో సంజీవయ్య అయ్యగారు వసారాలో గొంతుక్కూర్చుని, సైకిలు ట్యూబును నీళ్ళ బొచ్చెలో ముంచి చూస్తున్నాడు.

"రామ్మా రా. ఇది కారేది యాడనో చూడు, నా కండ్లకు కనపడదు."

ఆమె పక్కన కూర్చుని ట్యూబును మెల్లగా తిప్పింది. వాల్వు దగ్గర సన్నగా బుడగలు లేచాయి. అక్కడ వేలు పెట్టింది. ఆయన సంతోషంగా నవ్వి, ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దుతూనే ఆమె చెప్పినదంతా విన్నాడు.

"ఆడమనిషి గుడి మిద్దె ఎక్కగూడదని ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కొచ్చని గూడా లేదు," అన్నాడు చివరికి.

"మీరొక మాట చెప్తే ఆగుతాది సామీ."

"ఆగుతాది. నేను చెప్పినందుకు ఆగుతాది. రెండేండ్లకు నన్ను ఆత్మకూరుకో ఇంకో ఊరికో మారుస్తారు. నేను బండెక్కిన మరుసటి దినం మళ్ళా మొదలవుతాది." ట్యూబు మీద అతుకు పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. "పోయినేడు ఓటేసినావా?"

"ఏసినా. బండి కట్టి తీసకపోయిరి."

"ఆడ ఏసినదానివి ఈడ నోరు విప్పలేవా? పంచాయితీలో నువ్వే అడుగు. మాట్లాడనిచ్చేటట్టు చూడడం నా పని. అంతవరకే నా పని."

ఆమె ఏదో పెద్ద సాయం అడగడానికి వచ్చి చిన్న సాయంతో తిరిగి పోతున్నట్టు అనుకుంది. మొదటి మైలు దాకా అలాగే అనుకుంది. రెండో మైలు దగ్గర, రేపు చెప్పవలసిన మాటలు పైకే అనుకుంటూ నడుస్తున్నానని గమనించి, చేలో ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంది.

ఆదివారం సంస్కారం ముగిసింది. అయ్యగారు తెల్లంగీ విప్పి మడిచి, పెద్దలు వేసిన కుర్చీ వదిలి కిటికీ కింద చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. పెద్దలు ఆరుగురూ బెంచీ మీద. ఏడో చోటు ఖాళీ. ఆడవాళ్ళు ఎడమపక్క చాపల మీద. తలుపు అవతల యేసురత్నం, ఇంకా నలుగురు కొత్త కాపురాల మగవాళ్ళు.

పౌలు విషయం చెప్పాడు. కఠినంగా చెప్పలేదు. అందుకే అందరికీ సబబుగా వినిపించింది.

"లూదియమ్మ ఏమన్నా చెప్తాదేమో," అన్నాడు అయ్యగారు.

లూదియా లేచింది. దారి పొడుగునా అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "నలభై గంపలు తెచ్చిపెట్టినా," అంది. "నిచ్చెన ఎక్కనీండి. అంతే." కూర్చుంది.

బెంచీ మీద ఎవరో నవ్వబోయి దగ్గాడు.

"ఎక్కడమే గదమ్మీ కూడని పని," అన్నాడు పౌలు. "బల్ల నెత్తిన ఆడమనిషి కాలు పెట్టిందే లేదు."

"ఎవుర్రా లేదనేది?"

ఆ గొంతు చాపల ముందు వరసలోంచి వచ్చింది. పౌలు తల్లి రామేశ్వరమ్మ. బాప్తిస్మంలో మార్తమ్మ అని పెట్టారు గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. ఎనభైకి దగ్గరపడింది. కళ్ళు కనపడవు. ఆరాధనలో సగం నిద్రపోయి, ఆమెన్ దగ్గర మాత్రం అందరికన్నా ముందుంటుంది.

"నేను పెట్టినా," అంది.

"అమ్మా, ఇది పంచాయితీ..."

"తెలుసులే. పెద్ద కరువు ఏడు. మొగోళ్ళంతా రైలుకట్ట పనికని లేచిపోయిరి. ఊర్లో ఉండేది మేము, బిడ్డలు, ముసలోళ్ళు. మృగశిర నెత్తి మీదికొచ్చె. చవుడంతా గాలికి పోయి కానుగాకు బయటపడింది. ఎవురు ఎక్కల్ల? నలుగురం ఎక్కినాం. బల్ల అంకణం ఏసింది నేను. ఈ లూదియా మొగుని అవ్వ గంపలందించె." ముసలామె చేత్తో వెతికి, పక్కనున్న లూదియా మోకాలు పట్టుకుంది. "అప్పుడు నువ్వు నా కడుపులో ఏడో నెల, పౌలూ. నువ్వు గూడా ఎక్కినావ్ బల్ల నెత్తికి. నీకేమన్నా అయ్యెనా?"

ముందు కొండమ్మ నవ్వింది. తర్వాత ఆడవాళ్ళందరూ నవ్వారు. తలుపు అవతలి నుంచి కూడా నవ్వు వినిపించింది. పౌలు ముఖం మాత్రం నవ్వలేదు.

"అరవై ఏండ్లాయె. ఎన్నడూ చెప్పలేదేమమ్మా?"

"అడిగినావా? వానలు పడినాక మొగోళ్ళు తిరిగొచ్చిరి. మిద్దె చెక్కుచెదరకుండా ఉంది, దేవుడే కాపాడినాడని మోకాళ్ళ మీద ప్రార్థన చేసిరి. మేము ఆమెన్ అంటిమి."

అయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఇటు తిరిగేసరికి మళ్ళీ మామూలుగా ఉన్నాడు. "చేతులెత్తండి. అయ్యేది కానిది మీరే తేల్చల్ల," అన్నాడు.

రెండు చేతులు లేచాయి. కాసేపటికి మూడోది. మిగిలినవాళ్ళు పౌలు వైపు చూశారు. పౌలు తల్లి వైపు చూశాడు. ఆమె చూపులేని కళ్ళు సరిగ్గా అతని చేతి మీదే ఉన్నట్టున్నాయి.

"ఈ ఒక్కేడు," అన్నాడు చెయ్యెత్తుతూ. "కారిందంటే మాత్రం అంకణం యేసురత్నానిది. తర్వాత మాటలేదు."

"సరే మామా," అంది లూదియా.

మంగళవారం పొద్దున్నే ఏడిళ్ళవాళ్ళూ గుడి దగ్గర చేరారు. నిచ్చెన ఎక్కే ముందు లూదియా కొంగు బిగించి, కాళ్ళు కడుక్కుంది. పైకి వెళ్ళినాక తన అంకణం అంచున ఆగింది. తాను ఇప్పుడు నిలబడబోయేచోటికి సరిగ్గా కింద బల్ల మీది తెల్లబట్ట, సిలువ. పదేళ్ళుగా వారం వారం తనే ఉతికి ఆరవేసే బట్ట అది. భయం వేయలేదు గానీ, దాని నెత్తిన నిలబడి నడవబుద్ధి కాలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. పని అంతా మోకాళ్ళ మీదే చేసింది.

ముందు పాత పైమట్టి ఊడ్చి, మొలిచిన గడ్డిని వేళ్ళతో సహా పీకింది. ఎలుక బొక్కల్లో తడిమట్టి ముద్దలు కూరి పిడికిలితో అదిమింది. నీళ్ళు జారిపోయే దోనె వైపు వాలు తగ్గినచోట ఎత్తు చేసింది. ఆపైన చవుడు. గంప బోర్లించి అరచేతులతో పరుచుకుంటూ వెనక్కి జరగాలి. పలచనైనచోట మన్ను చేతికి గరుకుగా తగులుతుంది. అక్కడ ఇంకో దోసెడు.

కొండమ్మ గంపలు నిచ్చెన మొదటి దాకా తెచ్చింది. ఆమెను ఎక్కనివ్వలేదు. మిగతా ఆడవాళ్ళు రెండో మెట్టు దాకా ఎక్కి, కిందికి చూసి, దిగిపోయారు. గంప కోసం లూదియా ప్రతిసారీ దిగి ఎక్కవలసి వచ్చింది. నాలుగోసారి దిగబోతుంటే నిచ్చెన సగంలో యేసురత్నం కనిపించాడు. నెత్తిన గంప.

"వదినా, పట్టు."

ఆమె పట్టుకోకుండా అతని ముఖం చూసింది. ఈ అంకణం కారితే అతనిదవుతుంది. అతనికి తెలుసు. ఊరందరికీ తెలుసు.

"పట్టు వదినా, మెడ నొస్తాంది."

ముప్పై మూడు గంపలు అందించాడు. తండ్రి పక్క అంకణం మీంచి చూస్తూనే ఉన్నాడు.

పౌలు అంకణానికీ ఆమె అంకణానికీ నడుమ దూలం ఉన్నచోట చవుడు మీద పుల్లతో గీసిన గీత ఉంది. అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. గీత అవతల ఇంకొకరి చవుడు. దాని మీద తమ మన్ను పడితే తగవు. పౌలు తన వైపున గీతకు జానెడు దూరంలో ఆగాడు. లూదియా ఇంకా చవుడు చేతిలో ఉండగానే గీత వైపు జరిగి, ఆగింది. ఈరోజు అందరూ చూస్తున్నారు. గీత దాటిందని ఒక్కరు అన్నా చాలు. ఆమె కూడా జానెడు ఇవతలే ఆగిపోయింది.

దిగివచ్చి, మిగిలిన నాలుగు గంపలూ గుడి గోడ పక్కన బోర్లించి చూసుకుంటే మోకాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి. రామేశ్వరమ్మ నిచ్చెన కింద పీట వేయించుకుని కూర్చుని ఉంది. "అయిపోయిందా?" అని అడిగి, లూదియా అరచేతులు తీసుకుని తడిమి, వాసన చూసింది. "చింతమడుగుదే," అంది సంతోషంగా.

శనివారం మధ్యాహ్నం ఈదురుగాలి లేచి, దాని వెనకే వాన దిగింది. నల్లమల వైపు నుంచి వచ్చిన మొదటి వాన. కురిసి, ఆగి, మళ్ళీ కురిసి, ఆదివారం పొద్దుటికి కూడా సన్నగా పడుతూనే ఉంది. గోనె సంచులు నెత్తిన వేసుకుని అందరూ గుడికి వచ్చారు. అయ్యగారు ఆ వారం వేరే ఊరు. జ్ఞానప్రకాశం ప్రార్థన జరిపిస్తున్నాడు.

మిగతా అంకణాల కింద అక్కడక్కడా బొచ్చెలు పెట్టి ఉన్నాయి. టక్కుటక్కుమని చప్పుడు. ప్రతి ఏడూ అంతే, ఎవరూ పట్టించుకోరు. బల్ల మీద మాత్రం చుక్క లేదు. మొదటి పాఠం అయింది. కీర్తన అయింది. లూదియా తలెత్తకూడదని ఒట్టు పెట్టుకుని కళ్ళు ఒళ్ళోనే పెట్టుకుంది.

రెండో పాఠం చదువుతుండగా జ్ఞానప్రకాశం ఒక్క క్షణం ఆగాడు. బల్ల పడమటి మూల తెల్లబట్ట మీద రూపాయి బిళ్ళంత మరక. చూస్తుండగానే ఇంకో చుక్క పడింది. ఆయన మళ్ళీ చదివాడు గానీ ఏం చదివాడో ఎవరూ వినలేదు. అందరి తలలూ పైకి లేచాయి. కడపటి ఆమెన్ దాకా అలాగే ఉన్నాయి.

ప్రార్థన ముగిసినా ఎవరూ కదల్లేదు. పౌలు బెంచీ దగ్గర నిలబడి, "కారింది అమ్మీ," అన్నాడు. గెలిచినట్టు అనలేదు.

"కారింది మామా."

లూదియా లేచి బల్ల దగ్గరికి నడిచింది. అరవై మంది చూస్తున్నారని తెలుసు. అయినా ఇంటిలో కప్పు చూసుకున్నట్టే తల వెనక్కి వాల్చి చూసింది. తన అంకణం కప్పు, దంతెల నడుమ ఆకు దాకా, పొడిగా ఉంది. అటుపక్క పౌలు అంకణమూ పొడిగానే ఉంది. నడుమ దూలం మాత్రం పొట్ట పొడుగునా నల్లగా తడిసి మెరుస్తోంది. నీటిచుక్క ఒకటి దాని వెంట జారివచ్చి, కణుపు దగ్గర ఆగి, బరువెక్కి, బల్ల మూల మీద పడింది.

"మామా, తడి యాడుండాదో చూడు."

పౌలు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కండువా నడుముకు బిగించి, ఎవరేమంటున్నా వినకుండా వానలో నిచ్చెన ఎక్కాడు. ఆయన వెనకే లూదియా ఎక్కింది.

పైన దూలం పొడుగునా, వాళ్ళిద్దరి కొత్త చవుడుకూ నడుమ, రెండు జానల వెడల్పున పాతమట్టి పట్టీ. చవుడు లేదు. నీళ్ళు అందులో కాలువ కట్టి ఇంకుతున్నాయి.

"నేను గీత కాడికి రాకుండా ఆగితి," అన్నాడు పౌలు.

"నేనూ అంతే మామా. ఎవురన్నా ఏమన్నా అంటారని."

ఆయన మోకాళ్ళ మీద చేతులాన్చి మిద్దె పొడుగునా చూశాడు. ఆరు దూలాల మీదా అదే పట్టీ. ఆరింటిలోనూ నీళ్ళు. కింద బొచ్చెలు పెట్టేది సరిగ్గా వాటి కిందే. ప్రతి ఏడూ ఎవరికి వాళ్ళు పక్కింటి అంకణం కారుతోందని అనుకుంటూ వచ్చారు.

"నేను పుట్టిన కాడి నుంచీ ఈ బొచ్చెల్లో చప్పుడు ఇంటాండా," అన్నాడు. మీసాల మీంచి వాన కారుతుంటే ఆయనకు నవ్వొచ్చింది. "దూలం నెత్తి నీదీ గాదు, నాదీ గాదు."

కిందికి దిగినాక ఆయన తడిబట్టలతోనే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. మిగతా ఐదుగురూ కూర్చున్నారు. అయ్యగారు లేరే అన్నట్టు జ్ఞానప్రకాశం చూస్తే, పౌలు "అయ్యగారు లేకుంటే పంచాయితీ గాదా?" అన్నాడు. తర్వాత పక్కకు జరిగి, ఖాళీ చోటును చేత్తో తుడిచాడు.

"లూదియా, ఈడ కూర్చో. అంకణం కారలా. కారింది దూలం."

ఆమె చాపల నడుమ నుంచి వచ్చి బెంచీ కొసన కూర్చుంది. చెక్క చల్లగా ఉంది. కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవురెయ్యల్ల ఆ దూలాల మీద? చెప్పు. కనిపెట్టింది నువ్వు గదా," అన్నాడు పౌలు.

లూదియా తలుపు వైపు చూసింది. అవతల చెప్పుల దగ్గర, చూరు కింద వాన తప్పించుకుంటూ ఐదుగురు నిలబడి ఉన్నారు. యేసురత్నం మెడ లోపలికి పెట్టి వింటున్నాడు. ముప్పై మూడు గంపలు మోసిన మెడ.

"దూలాలు ఆరు," అందామె. "అంకణం లేని ఇండ్లు ఎన్నయ్యా ఉపదేశీ?"

"ఐదమ్మా."

"ఐదిండ్లకూ తలా ఒక దూలం ఇద్దాం. రెండు పక్కలా గీత దాటి ఎయ్యల్ల వాళ్ళు. దాటేదే వాళ్ళ పని. పని ఇచ్చినాక వాళ్ళను బయట నిలబెట్టగూడదు. బెంచీ చాలకుంటే చాపేద్దాం."

పౌలు కొడుకు వైపు చూడలేదు. నేల చూస్తూ, "ఏ దూలం ఎవురికి?" అన్నాడు.

"నీకూ నాకూ నడుమది యేసురత్నానికి మామా. నా పక్క ఉండేవాడు బుద్ధిమంతుడైతే నాకూ మేలు గదా."

చేతులు అడగకముందే లేచాయి. చాపల మీద కూడా కొన్ని లేచాయి. వాటిని దించమని ఎవరూ అనలేదు.

"ఆరోదో?" అంది రామేశ్వరమ్మ, లెక్క తప్పకుండా. "ఆరో దూలం కొండమ్మ కడుపులో ఉండేవానికి పెట్టండి. వచ్చినాక ఏసుకుంటాడు."

"ఆడబిడ్డయితేనో అవ్వా?" అంది కొండమ్మ.

"అయితే ఏమాయె? నిచ్చెన ఉండాది గదా!"

సోమవారానికి వాన తెరిపిచ్చింది. తడిసిన మిద్దె మీద ఎండ పడి ఆవిరి లేస్తోంది. లూదియా మోకాళ్ళ మీద, ఎదురుగా యేసురత్నం మోకాళ్ళ మీద. గోడ పక్కన మిగిలిన నాలుగు గంపలు తడిసి ముద్దయ్యాయి. అతను తెల్లవారుజామునే వంకకు పోయి, వాన తగలని గట్టు కింది నుంచి కొత్త చవుడు తవ్వి తెచ్చాడు. లూదియా తన పక్క గీతను అరచేత్తో చెరిపేసింది. చెరిపేటప్పుడు, ఇది చెయ్యడానికి తనకు ఎంతమంది చేతులు కావలసివచ్చాయో గుర్తొచ్చింది. గొడుగుతో గట్టు దిగివచ్చిన ఉపదేశి. తన మాట తననే చెప్పుకోమన్న అయ్యగారు. చీకటి కళ్ళ ముసలామె. చెంబు బోర్లించిపోయిన మామ. ఎదురుగా ఈ మనిషి. ప్రభువా, అనుకుంది, తర్వాత మాట దొరకలేదు. ఆ ఒక్క మాటతోనే సరిపెట్టింది.

"ఇది సరైనదేనా వదినా?" అన్నాడు యేసురత్నం, మొదటి గంప చూపిస్తూ.

ఆమె చిటికెడు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"నాలిక మీద ఏసుకో. అప్పుడే ఉమ్మెయ్యొద్దు. కాచుకో."

అతను వేసుకుని, ముఖం చిట్లించి, నోరు మూసుకుని కూర్చున్నాడు. కింద రామేశ్వరమ్మ పీట జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది.

"గొంతు దాకా వచ్చెనా?"

అతను తల ఊపాడు.

"అయితే పొయ్," అంది లూదియా, రెండు చేతులూ చాచి.